రాశానంటే రాసినట్టుండాలి

ఇంకాస్త దగ్గరికి జరగండర్రా, మంట బాగా అందుకుంది. తాతయ్య ఏం ఉద్యోగం చేశాడని అడిగావు కదూ చిన్నోడా? కంప్యూటర్లో ఎవరేం దాచుకున్నా, మళ్ళీ అడిగినప్పుడు అక్షరం పొల్లుపోకుండా తిరిగివ్వాలి. నా సర్వీసంతా ఆ ఒక్క పనే.

నేను హైదరాబాదులో చేరేనాటికి పంచ్ కార్డులు ఇంకా పోలేదు. కట్ట చెయ్యి జారిందా, కూర్చుని మళ్ళీ వరసగా పేర్చుకోవాల్సిందే. టేపు రీలు 2,400 అడుగులు. డిస్కంటే వాషింగ్ మెషీనంత. మా ముందు తరంవాళ్ళు ఇంకా పెద్దవి చూశారు. 1956లో ఐబీఎం తెచ్చిన మొట్టమొదటి డిస్కు ర్యామాక్‌లో రెండేసి అడుగుల పళ్ళేలు 50 ఉండేవి. ఇంతా చేసి అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. నీ ఫోన్లో ఒకటి రెండు ఫోటోలు తీస్తే సరి!

తర్వాత కాలిఫోర్నియా వెళ్ళాను. 1988లో అక్కడి బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ అనే ముగ్గురు రెయిడ్ అనే పద్ధతి మీద పేపరు రాశారు. ఖరీదైన పెద్ద డిస్కు బదులు చవకవి చాలా కలిపి వాడండి, ఒకటి పోయినా మిగతావాటి నుంచి రాబట్టుకోవచ్చన్నారు. ఎలాగంటావా? మూడు డిస్కుల్లో 4, 7, 2 ఉన్నాయనుకో. నాలుగోదాంట్లో మొత్తం 13 రాసిపెట్టు. 7 ఉన్న డిస్కు కాలిపోయింది. 13లోంచి 4, 2 తీసెయ్. ఏం మిగిలింది? అదీ! నిజానికి కూడిక కాదు, బిట్లతో ఎక్సార్ చేస్తారు. ఉపాయం మాత్రం ఇదే.

ఇక మా అసలు గొడవంతా కరెంటుతోనే. డిస్కు ‘రాశాను’ అంటుంది, కానీ ఆ అక్షరాలు పళ్ళెం మీదకి దిగి ఉండవు, దానిలోని చిన్న మెమరీలోనే ఉంటాయి. ఆ క్షణాన కరెంటు పోతే? రసీదు చేతికొచ్చినవాడి ఖాతాలో డబ్బుండదు. అందుకే చేయబోయే మార్పును ముందు లాగ్ అనే చిట్టాలో రాసి, ఎఫ్‌సింక్ అని పళ్ళెం మీదకి దించమనే ఆజ్ఞ ఇచ్చి, అది నిజంగా డిస్కు మీద పడ్డాకే ‘సరే’ అనాలి. మేం పరీక్షించే తీరు మహా మొరటు. రాతలు జోరుగా నడుస్తుండగా ప్లగ్గు పీకేసేవాళ్ళం. మళ్ళీ పెట్టి, ‘సరే’ అన్న ప్రతి రికార్డూ ఉందో లేదో చూసేవాళ్ళం. ఒకసారి కొన్ని రికార్డులు పోతున్నాయి, కోడులో ఎంత వెతికినా తప్పు దొరకదు. తీరా చూస్తే, ఒక కంపెనీ డిస్కులు దించమన్నా దించకుండానే దించామని చెబుతున్నాయి! ఆ కోపం నాకిప్పటికీ చల్లారలేదు. వాటిలో ఉండేవి జనం జీతాలురా, ఆస్తి వివరాలురా!

2003లో గూగుల్ వాళ్ళు తమ ఫైల్ సిస్టం గురించి పేపరు వేశారు. డిస్కులు పోవడం మామూలే అనుకుని కట్టిందది. ఫైలును 64 మెగాబైట్ల ముక్కలు చేసి, ఒక్కోటి మూడు మెషీన్లలో పెట్టారు. డిస్కు చెప్పాపెట్టకుండా బిట్టు మార్చేసినా పట్టుకోవడానికి ప్రతి 64 కిలోబైట్లకూ చెక్‌సమ్ అనే సరిచూసుకునే అంకె ఉంచారు. ఆ పేపరు చదివిన రాత్రి నేను నిద్రపోలేదు. మేం ఏళ్ళ తరబడి పడ్డ భయాలన్నిటికీ అందులో జవాబుంది.

సరే, రేపు పొద్దున్నే నీ ఫోను పట్రా. అమ్మమ్మ ఫోటోలన్నీ రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కిద్దాం. ఎక్కించి ఊరుకోవడం కాదు, ఒక్కొక్కటీ తెరిచి చూద్దాం.