చేలో కనిపించిన వలయం



ఒక సంగతి ఊహించుకోండి. సాయంత్రం చూచి వచ్చినప్పుడు చేను నిటారుగా నిలిచి ఉన్నది. తెల్లవారి గట్టు మీదికి వెళ్ళి చూస్తే, చేను నడుమ బండిచక్రం అచ్చు వేసినట్లు గుండ్రంగా పైరు పడి ఉన్నది. పడిన కాడలన్నీ ఒకే వరుసన సుడి తిరిగి ఉన్నాయి. చుట్టూ ఉన్న పైరు మాత్రం చెక్కు చెదరలేదు. అప్పుడు మీరేమి చేస్తారు? గాలి అంటారా, దయ్యం అంటారా, దిష్టి అంటారా? లేక చేలోకి దిగి కాడను చేత పట్టి చూస్తారా?

ఇది కట్టుకథ కాదు. ఇంగ్లండు దేశంలో ఎందరో గోధుమ రైతులకు ఈ అనుభవం కలిగింది. ఆ వలయాలను పరీక్షించిన వారు ఎక్కడ పొరబడ్డారో, ఎక్కడ సరిగా చూచారో తెలిపే చరిత్ర ఒకటి ఉన్నది. అది మన వరి రైతుకు కూడా పనికి వచ్చేదే.

ఈ చరిత్ర చెప్పేవారు సాధారణంగా 1678వ సంవత్సరంతో మొదలు పెడతారు. ఆ ఏడు హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లా వార్త అంటూ ఒక చిన్న కరపత్రం అచ్చయింది. అందులోని కథ ఇది. ఒక రైతుకు ఎకరంన్నర ఓట్స్ అనే ధాన్యపు పంట ఉన్నది. కోతకు ఒక పేద కూలివాణ్ణి పిలిచి బేరం ఆడాడు. కూలి ఎక్కువ అడిగాడని కోపం వచ్చి, నీచేత కోయించడం కన్న దయ్యం చేత కోయించుకోవడం మేలన్నాడు. ఆ రాత్రి చేను మంటలలో ఉన్నట్లు కనిపించిందట. తెల్లవారేసరికి పంట అంతా గుండ్రంగా, గడ్డిపరక గడ్డిపరకా పొందిగ్గా కోసి పరచి ఉన్నదట. రైతు భయపడి ఆ పంటను ఇంటికి తెచ్చుకోలేకపోయాడట.

చాలామంది దీనిని మొదటి పంట వలయం అని వ్రాస్తారు. కాని కథను జాగ్రత్తగా చదవండి. అక్కడ పైరు వంగలేదు, కోయబడింది. వంగిన కాడ వేరు, కోసిన కాడ వేరు. ఆ తేడా రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ కథ అసలు నీతి కూలిని కసరుకోవద్దని, అంతే.

తర్వాత రెండు వందల ఏళ్ళకు, 1880లో, నిజమైన పరిశీలన ఒకటి దొరుకుతుంది. సర్రే జిల్లాలో రాండ్ కాప్రన్ అనే విజ్ఞాన ప్రియుడు ఉండేవాడు. గాలివానలు కొట్టిన తర్వాత దగ్గరి గోధుమ చేలల్లో పైరు అక్కడక్కడ గుండ్రంగా పడి ఉండడం చూచి, నేచర్ అనే విజ్ఞాన పత్రికకు ఉత్తరం వ్రాశాడు. అందులో ఏమి వ్రాశాడో గమనించండి. నడుమ కొన్ని కాడలు నిలిచి ఉన్నాయన్నాడు. వాటి చుట్టూ కాడలు ఒక వరుసన, ఒక దిక్కుకు పడి ఉన్నాయన్నాడు. వాటికి వెలుపల దెబ్బ తినని పైరు గోడ కట్టినట్లు నిలిచి ఉన్నదన్నాడు. నేలలో, చుట్టుపక్కల వేరే కారణమేదైనా ఉన్నదేమో వెతికి, లేదని తేల్చుకొన్న తర్వాతే సుడిగాలి పని కావచ్చునన్నాడు. ముందు చూపు, తర్వాత మాట. విస్తరణ ఉద్యోగి తన డైరీలో ఎలా వ్రాసుకోవాలో ఈ ఉత్తరం చూచి నేర్చుకోవచ్చు.

ఇక ఇరవయ్యవ శతాబ్దానికి వద్దాము. 1966 జనవరిలో ఆస్ట్రేలియాలోని టల్లీ అనే ఊరి దగ్గర ఒక అరటి రైతు ట్రాక్టరు మీద వెళ్తున్నాడు. మడుగులో నుంచి పళ్ళెం వంటి వస్తువు ఒకటి పైకి లేచి పోయినట్లు చూచానని చెప్పాడు. వెళ్ళి చూస్తే మడుగులోని తుంగ సుమారు ముప్పయి అడుగుల మేర గుండ్రంగా సుడి తిరిగి పడి ఉన్నది. అధికారులు సుడిగాలి అయి ఉంటుందన్నారు. పత్రికలు ‘పళ్ళెం గూడు’ అని పేరు పెట్టి ప్రచారం చేశాయి.

ఆ వార్త ఒక ఇంగ్లీషువాడి మనసులో నాటుకొన్నది. అతని పేరు డగ్ బవర్. కొన్నేళ్ళు ఆస్ట్రేలియాలో ఉండి, స్వదేశం తిరిగి వచ్చి సౌతాంప్టన్‌లో పటాలకు చట్రాలు కట్టే పని చేసేవాడు. డేవ్ చోర్లీ అనే స్నేహితుడు ఉండేవాడు. ఇద్దరూ ఒకనాటి సాయంత్రం పానశాలలో కబుర్లాడుకొంటూ, మనమూ ఒక గూడు చేసి ఊరివాళ్ళను వేడుక చేద్దామా అనుకొన్నారు. 1978 ప్రాంతాల మొదలుపెట్టి పదేళ్ళకు పైగా వేసవి రాత్రులలో గోధుమ చేలల్లో వలయాలు వేస్తూ వచ్చారు.

వారి సామాను చూడండి: ఒక చెక్క పలక, కొంత తాడు, సూటిగా నడవడానికి టోపీకి వేలాడదీసిన చిన్న తీగ. ఒకడు నడుమ నిలబడి తాడు పట్టుకొంటాడు. రెండవవాడు పలకను కాలితో అణచుకొంటూ చుట్టూ తిరుగుతాడు. జూన్, జూలై నెలల్లో గోధుమ కాడ ఇంకా పచ్చిగా ఉంటుంది కాబట్టి విరగకుండా వంగుతుంది. మరి అడుగుజాడలు ఏవి అంటారేమో. అక్కడి చేలల్లో మందు చల్లే ట్రాక్టరు తిరగడానికి చక్రాల బాటలు ముందే ఉంటాయి. ఆ బాట వెంట నడిచి పోతే ఒక్క కాడ కూడా పక్కకు ఒరగదు.

ఇంతలో చదువుకొన్నవారు రంగంలోకి దిగారు. టెరెన్స్ మీడెన్ అనే వాతావరణ పండితుడు ఇవి ఒక జాతి సుడిగాలి వల్ల కలుగుతున్నాయన్నాడు. మన ఇద్దరు స్నేహితులు అది విని, గాలి గీయలేని తిన్నని గీతలను కూడా వలయాలకు చేర్చారు. పండితుడు తన సిద్ధాంతాన్ని ఇంకొంచెం పెంచాడు. 1990 జూలైలో విల్ట్‌షైర్ జిల్లాలో శాస్త్ర పరిశోధకులు, టెలివిజన్ వారు కలిసి కెమెరాలు పెట్టి రాత్రులు కాపలా కాశారు. ఒక తెల్లవారు జామున వలయాలు కనబడగానే పట్టుకొన్నామని లోకానికి ప్రకటించారు. తీరా చేలోకి దిగి చూస్తే, వలయాల నడుమ చెక్క సిలువలు, పిల్లలు ఆడుకొనే ఆట అట్టలు ఉన్నాయి! ఎవరో వేళాకోళం చేశారు.

చివరకు 1991 సెప్టెంబరులో బవర్, చోర్లీలు ‘టుడే’ అనే పత్రికకు తమ సంగతి చెప్పేశారు. పత్రికవారు పరీక్ష పెట్టారు. ఇద్దరి చేత ఒక చేలో ఆకారం వేయించి, వలయాల మీద పుస్తకం వ్రాసిన పాట్ డెల్గాడో అనే ఆయనను పిలిచి చూపారు. ఆయన చూచి, ఇది మనుషులు చేయగలది కాదు, నిజమైనదేనన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పారు. మోసపోయానని ఆయన పెద్దమనసుతో ఒప్పుకొన్నాడు. అయినా ఆ ఆట అక్కడితో ఆగలేదు. ఇతరులు నేర్చుకొని ఇంకా పెద్ద ఆకారాలు వేశారు. 2001లో మిల్క్ హిల్ అనే చోట ఒకే ఆకారంలో నాలుగు వందలకు పైగా వలయాలు వేశారు.

ఈ వేడుకలో రైతు సంగతేమిటి? పడిన పంట పడింది. దానికి తోడు చూడవచ్చిన జనం తొక్కిన పంట మరికొంత పోయింది. చేలోకి రావడానికి రుసుము వసూలు చేసి నష్టం కొంత పూడ్చుకొన్న రైతులు ఉన్నారు. 2000 సంవత్సరంలో విల్ట్‌షైర్‌లో ఒకనికి పరుల పంట పాడుచేసిన నేరానికి నూరు పౌండ్ల జరిమానా పడింది. ఇతరుల కష్టం మీద ఆడే ఆట నవ్వులాట కాదని కోర్టు చెప్పినట్లయింది.

వలయాలను నమ్మినవారు ఒక రుజువు చూపేవారు. పడిన గోధుమ కాడల కణుపులు ఒక పక్కకు సాగి, వంగి ఉన్నాయి, ఇది ఏదో అపూర్వ శక్తి పని అని. మన రైతును అడిగితే నవ్వుతాడు. పచ్చి పైరు గాలికి పడిపోతే కొద్ది రోజులలో తల పైకెత్తుతుంది గదా! కణుపు దగ్గర కింది వైపు ఎక్కువగా పెరిగి, కాడను మళ్ళీ పైకి లేపుతుంది. గడ్డి జాతి మొక్కలన్నిటికీ ఉన్న గుణమిది. గోధుమకూ ఉన్నది, వరికీ ఉన్నది. పండిన కాడకు ఆ శక్తి ఉండదు. కనుక వంగిన కణుపు చెప్పేది పైరు పడి కొన్ని రోజులయిందని మాత్రమే. ఎవరు పడగొట్టారో అది చెప్పదు.

సోదరులారా, ఇంతకూ ఈ దూరదేశపు కథ మనకెందుకు? మన చేలల్లోనూ వలయాలు వస్తాయి కనుక. వాటిని ఏ కొంటెవాడూ వేయడు. మన తెలుగు రైతు వాటికి ఏనాడో పేరు పెట్టాడు: సుడి. వరిలో అక్కడక్కడ గుండ్రంగా పైరు పసుపు పచ్చబడి, గోధుమ రంగుకు తిరిగి, ఎండి పడిపోతుంది. అది సుడిదోమ పని. కొన్ని చోట్ల దోమపోటు అంటారు. ఈ పురుగు ఆకు మీద కాక దుబ్బు అడుగున, నీటికి పైన ఉండి రసం పీలుస్తుంది. గట్టు మీద నిలబడినవాడికి పైన పచ్చదనమే కనిపిస్తుంది. సుడి కనిపించేసరికి పురుగు పక్క దుబ్బులకు పాకి ఉంటుంది. వదిలేస్తే సుడులు ఒకటితో ఒకటి కలిసి మడి మడే ఎండిపోతుంది. 1973–74లో కేరళ వరి పొలాలను ఇది పెద్దయెత్తున ఎండగొట్టింది.

ఇక్కడ కూడా గట్టు మీది ఊహ నష్టం తెస్తుంది. పైరు పసుపు పచ్చబడిందని యూరియా చల్లితే దోమకు విందు పెట్టినట్లే. తెలియక దొరికిన మందు కొడితే, దోమను తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు చచ్చి దోమ ఇంకా పెరుగుతుంది. ఇండొనేషియా దేశం ఈ పాఠం చాలా ఖర్చుతో నేర్చుకొన్నది. మందులు ఎక్కువ కొట్టిన కొద్దీ సుడిదోమ పెరుగుతుంటే, 1986లో ఆ ప్రభుత్వం వరిలో 57 రకాల పురుగు మందులను నిషేధించింది.

కనుక చేలో వలయం కనిపించిన రోజున వరుసగా ఈ పనులు చేయండి. మొదటిది, జనాన్ని పిలవకముందే మీరు ఒక్కరే గట్టు వెంట చుట్టూ నడిచి చూడండి. వలయం ఎంత పెద్దది, ఎన్ని ఉన్నాయి, నీరు ఎటు ఉన్నది వ్రాసుకోండి. రెండవది, కాడను పట్టి చూడండి. కోసినదా, వంగినదా, విరిగినదా, ఎండినదా? పచ్చగా ఉండి వాలిపోతే గాలి, వాన, అధిక యూరియా అని అనుమానించాలి. నలిగి, కొరికి ఉంటే పందులనో, పశువులనో అనుమానించాలి. ఎండి ఉంటే పురుగునో, తెగులునో వెతకాలి. మూడవది, వలయం అంచున ఇంకా పచ్చగా ఉన్న దుబ్బులను విడదీసి, మొదలు మీద తట్టి నీటిలోకి చూడండి. దోమ ఉంటే రాలుతుంది. ఎండిన నడుమ వెతికితే లాభం లేదు, అది అప్పటికే అంచుకు పోయి ఉంటుంది. నాలుగవది, దోమ అని తేలితే నీరు తీసివేసి పొలాన్ని ఆరబెట్టండి, నత్రజని ఆపండి, మందు సంగతి వ్యవసాయ అధికారిని అడిగి ఆయన చెప్పిన మందునే దుబ్బు మొదళ్ళు తడిసేటట్లు కొట్టండి.

వచ్చే పంటకు నాట్లప్పుడే జాగ్రత్త పడవచ్చు. ప్రతి రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల కాలిబాట తీస్తే గాలి, వెలుతురు దుబ్బు మొదటికి చేరుతాయి. మార్టేరు పరిశోధన కేంద్రం వారి విజేత, కాటన్‌దొర సన్నాలు వంటి రకాలు దోమను కొంత ఓర్చుకొంటాయి. ఓర్చుకొనే రకమైనా దుబ్బు విడదీసి చూడడం మానరాదు.

ఇంగ్లండు వలయాలలో పండితులు గాలిని చూచారు, ఇతరులు ఆకాశాన్ని చూచారు. కాడ దగ్గరకు వంగి, చక్రాల బాట గమనించిన వారికి సంగతి తెలిసింది. చేలో వలయం కనిపిస్తే మీరు కూడా గట్టు మీద నిలబడి ఊహించకండి. పంచె పైకి కట్టి చేలోకి దిగండి.