ప్రేమలేఖ నుంచి శుభలేఖ దాకా

మొన్న మా పిన్నికి ఒక శుభలేఖ వచ్చినప్పటి నుంచి నాకు పాతికేళ్లనాటి ప్రేమలేఖ ఒకటి ఊరికే గుర్తొస్తోంది. కంగారు పడకండి, అది నాకొచ్చింది కాదు. నాకు రాసే ధైర్యం ఎవరికీ లేకపోయింది లెండి. అది లోకానికంతటికీ వచ్చిన ప్రేమలేఖ.

నేను బి.ఏ.లో చరిత్ర చదువుకునే రోజులవి. రాజులూ, యుద్ధాలూ, తారీఖులూ బట్టీ పడుతున్నాను గాని, పేపర్లో వచ్చిన ఆ వార్త కూడా ఒకనాటికి చరిత్రే అవుతుందని నాకేం తెలుసు?

2000 మే 4, గురువారం. ఫిలిప్పీన్స్ దేశంలోని మనీలా నగరం నుంచి ఒక ఈమెయిల్ బయల్దేరింది. పైన 'ఐ లవ్ యూ' అని మూడే మాటలు. లోపల, నేను పంపిన ప్రేమలేఖ కాస్త చూడమని ఒక విన్నపం. దానికి తగిలించి ఒక ఫైలు. పేరు చూస్తే చదువుకునే కాగితంలాగే కనిపిస్తుంది. కాని ఆ పేరుకి వెనకాల 'వి.బి.ఎస్.' అని ఇంకో తోక ఉంది. ఆ తోక ఉన్నది చదువుకునే రాత కాదు, కంప్యూటరు చేత పని చేయించే ఆజ్ఞ. అప్పటి కంప్యూటర్లు మామూలుగా ఆ తోకను చూపించేవి కావు. సన్యాసి వేషంలో వచ్చిన రావణుడికి పది తలలు కనిపించాయా ఏమిటి!

విప్పారో, ఆ మనిషి దాచుకున్న ఫొటోలు పోయేవి. పాస్‌వర్డులు కాజేసే ప్రయత్నం మొదలయ్యేది. అంతటితో ఆగితే బాగుండును. ఆ కంప్యూటర్లోని అడ్రసుల పుస్తకంలో ఎందరి పేర్లుంటే అందరికీ అదే ప్రేమలేఖ, ఆ మనిషి పేరు మీదనే వెళ్లిపోయేది. అసలు కిటుకంతా అక్కడే ఉంది. ముక్కూమొహం తెలియని వాడు రాస్తే చించి పారేస్తాం. పదేళ్లుగా పక్క సీట్లో తలొంచుకుని ఫైళ్లు చూసుకునే పెద్దమనిషి రాస్తే? చెప్పొద్దూ, తిట్టడానికైనా ఓసారి విప్పి చూస్తాం గదా!

పొద్దు ఎటు తిరిగితే ఆ ఉత్తరమూ అటే తిరిగింది. ముందు ఆసియాలో, తర్వాత యూరప్‌లో, ఆ తర్వాత అమెరికాలో, ఆఫీసులు తెరవడం ఆలస్యం, దాన్నీ తెరిచారు. బ్రిటిష్ పార్లమెంటు తన ఈమెయిళ్లను కొంతసేపు మూసుకోవలసి వచ్చింది. అమెరికా రక్షణ శాఖవారి పెంటగన్‌కీ ఆ సెగ తగిలింది. మొత్తం మీద కోట్ల కొద్దీ కంప్యూటర్లకు అంటుకుందని అంచనా.

ఇంతకీ ఈ ఘనకార్యం చేసిందెవరు? ఒనెల్ డి గుజ్మన్ అని, పాతికేళ్లైనా నిండని కంప్యూటర్ విద్యార్థి. ఇంటర్నెట్‌కి డబ్బు కట్టలేక, ఇతరుల పాస్‌వర్డులు దొంగిలించే ఉపాయం పన్నాడు. అంతకుముందు అదే ఉపాయాన్ని తన చదువుకి పరిశోధన అంశంగా ఇస్తే, కాలేజీవారు కాదన్నారు. పోలీసులు పట్టుకోబోతే, ఆ నేరానికి ఆ దేశంలో చట్టమే లేదు! కేసు వదిలేశారు. హడావిడిగా ఆ జూన్‌లోనే చట్టం తెచ్చుకున్నారు గాని, అది అప్పటికే జరిగినదానికి వర్తించలేదు. అన్నట్టు, మన దేశపు సమాచార సాంకేతిక చట్టం కూడా ఆ ఏడాదిదే. అక్టోబరు 17 నుంచి అమల్లోకి వచ్చింది.

ఇరవై ఏళ్ల తర్వాత 2020లో ఒక విలేఖరి ఆ కుర్రాడి మాటలు బయటపెట్టాడు. ఆ పనిచేసింది తనేనని అతను ఒప్పుకున్నాడు. ఆ పేరే ఎందుకు పెట్టావంటే, మనుషులందరికీ ప్రేమ కావాలి గనక అన్నాడట. తాళం ఎంత గట్టిదో అతను చూడలేదు. లోపలున్న మనిషి మనసు ఎంత మెత్తనిదో చూశాడు.

ఇప్పుడు మా పిన్ని సంగతి. ముప్ఫై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తెలిసినవాళ్ల నంబరు నుంచి వాట్సాప్‌లో శుభలేఖ వచ్చింది. పెళ్లికూతురెవరో చూద్దామని నొక్కింది. 'ఇన్‌స్టాల్ చేయనా' అంటే సరేనంది. 'మీ మెసేజులు చూడనా' అంటే దానికీ సరేనంది. ఇక బ్యాంకు పంపే ఓటీపీలన్నీ దొంగ చేతిలోకే. తెల్లారేసరికి అరవై రెండు వేలు మాయం. 2024 చివరి నుంచే పోలీసులు ఇలాంటి శుభలేఖల గురించి హెచ్చరిస్తున్నారు. మా పిన్ని దాకా ఆ మాట రాలేదు.

డబ్బు పోవడం ఒక ఎత్తు. నాలుగు రోజులు అన్నం సహించక, ఎవరికీ చెప్పకుండా కుమిలిపోవడం ఇంకో ఎత్తు.

"మీ బాబాయికి చెప్పకే అమ్మాయ్. లెక్కల టీచరువి, ఆ మాత్రం తెలియలేదా అంటారు" అని ఏడ్చింది.

అప్పుడు చెప్పాను ఈ ప్రేమలేఖ కథ. అంతా విని, "పార్లమెంటు వాళ్లు కూడా విప్పారుటే?" అంది. నాలుగు రోజుల తర్వాత ఆవిడ మొహాన నవ్వు చూడటం అదే.

వెంటనే ఇద్దరం 1930కి ఫోన్ చేశాం, బ్యాంకుకీ చెప్పాం. కాని డబ్బు అప్పటికే ఎన్నో చేతులు మారిపోయింది. పోయిన గంటలోనే చెప్పి ఉంటే దారిలో ఎక్కడో ఆపే అవకాశం ఉండేది. దొంగ పట్టుకుపోయింది డబ్బునైతే, ఆ గంటను పట్టుకుపోయింది సిగ్గు.

అందుకని మనవి చేస్తున్నాను. శుభలేఖ బొమ్మగానో, చదివే కాగితంగానో వస్తుంది. దాన్ని చదవడానికి ఫోన్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. పేరు చివర 'ఏపీకే' అన్న తోక కనిపిస్తే అది శుభలేఖ కాదు. పంపినవాళ్లకి ఫోన్ చేసి, వాళ్ల గొంతు విని అడగండి. పొరపాటున నొక్కితే ముందు ఇంటర్నెట్ ఆపేసి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకీ, 1930కీ చెప్పండి. ఇంట్లోవాళ్లకీ ఒక మాట. "ఎందుకు నొక్కావు?" అని తర్వాత తీరిగ్గా అడుగుదురు గాని, ముందు "ఎప్పుడు నొక్కావు?" అని అడగండి.

ఇప్పుడు ఎవరు శుభలేఖ పంపినా మా పిన్ని ఫోన్ చేసి, "మీరేనా పంపింది?" అని ఖాయం చేసుకుంటుంది. ఆ పైన అరగంట పెళ్లి కబుర్లు. ఈ రోజుల్లో శుభలేఖ అందిందని ఫోన్ చేసేవాళ్లెవరున్నారని అవతలివాళ్లు ఒకటే మురిసిపోతున్నారట.