వృక్షశాస్త్రం మాస్టారు గోరా గారు, ఆయన ఇల్లు

ప్రతి ఏడాది మన మండల సమాఖ్య నివేదికలో పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి అప్పులు, వసూళ్లు అన్నీ లెక్కలతో వస్తాయి. వాటితోపాటు మన ప్రాంతంలో జనం కోసం బతికిన ఒకరి చరిత్ర కూడా రాసుకుంటే మన పిల్లలకు ఉపయోగపడుతుందని అనుకున్నాం. ఈసారి గోరా గారి గురించి రాస్తున్నాం. విజయవాడ వెళ్లినప్పుడు బెంజి సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం పేరు మనలో చాలామందిమి చూసే ఉంటాం. దాన్ని పెట్టింది ఒక సైన్సు మాస్టారు అని మాత్రం అందరికీ తెలియదు.

ఆయన పూర్తి పేరు గోపరాజు రామచంద్రరావు. అందులో మొదటి అక్షరాలే గోరా. 1902 నవంబరు 15న ఒడిశాలోని ఛత్రపురంలో ఆచారాలు బాగా పాటించే బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. కాకినాడ పి.ఆర్. కాలేజీలో, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి వృక్షశాస్త్రంలో ఎం.ఏ. చేశారు. మదురైలో, కొలంబోలో, కాకినాడలో, మచిలీపట్నంలో కాలేజీ పిల్లలకు మొక్కల పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లో అంత చదువు చదివిన మనిషి నెల జీతం తీసుకుని హాయిగా బతికేయొచ్చు. కానీ ఆయన క్లాసులో చెప్పేది ఒకటి, ఇంట్లో చేసేది ఇంకొకటి ఉండకూడదు అనుకున్నారు. కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

1928లో జంధ్యం వేసుకోను అన్నారు. కులం నుంచి వెలివేశారు. 1933లో దేవుడి మీద నమ్మకం లేదని బాహాటంగా చెబుతున్నందుకు కాకినాడలో ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నం హిందూ కాలేజీలో చేరారు. అక్కడా అదే గొడవ. చివరికి 1940లో మాస్టారి ఉద్యోగమే వదిలేసి పల్లెటూరికి వచ్చేశారు.

ఇక్కడ మనం ఆగి ఒక మాట అడగాలి. జీతం ఆగిపోతే ఆ ఇల్లు ఎవరు నడిపారు? గొప్పవాళ్ల చరిత్రలు చదివినప్పుడు ఈ ప్రశ్న మనలాంటి ఆడవాళ్లకే తడుతుంది. ఆయన భార్య సరస్వతి గారు 1912లో విజయనగరంలో పుట్టారు. పదేళ్ల వయసులో, 1922లో పెళ్లి చేశారు. తొమ్మిది మంది పిల్లల్ని కన్నారు. వెలి ఆయన ఒక్కడికే కాదు కదా, ఇంటికంతటికీ. చుట్టాల ఇళ్లలో పేరంటాలకు పిలుపు లేకపోతే ఎలా ఉంటుందో మనకు తెలుసు. అయినా ఆవిడ వెనక్కి లాగలేదు. భర్త చెప్పాడని తల ఊపి ఊరుకోలేదు, తనే ముందు నిలబడ్డారు.

దానికి గ్రహణం సంగతే సాక్ష్యం. గర్భవతి గ్రహణం చూస్తే బిడ్డకు మొర్రి వస్తుందని మన వాళ్ల భయం. ఆ జబ్బు పేరే గ్రహణం మొర్రి అని పెట్టేశాం. సరస్వతి గారు కడుపుతో ఉండి గ్రహణం వేళ బయటికి వచ్చారు. బిడ్డకు ఏమీ కాలేదు. ఇది ఒక ఆడమనిషి తన కడుపులో బిడ్డను ముందు పెట్టుకుని చేసిన పని. మాటలతో చెప్పే సైన్సు వేరు, ఇది వేరు.

అసలు విషయం ఏంటంటే, సూర్యుడికీ భూమికీ మధ్య చంద్రుడు అడ్డం వస్తే సూర్యగ్రహణం. చంద్రుడి మీద భూమి నీడ పడితే చంద్రగ్రహణం. ఆ నీడ కడుపులో బిడ్డను ఏమీ చేయదు. సూర్యగ్రహణాన్ని మాత్రం వట్టి కళ్లతో నేరుగా చూడకూడదు, కళ్లు పాడవుతాయి. అది మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా ఒకటే. మొర్రి రావడానికి వంశంలో ఉండటం, పొగ తాగడం లాంటి కారణాలు ఉంటాయని డాక్టర్లు చెబుతారు. వచ్చినా ఆపరేషన్‌తో సరిచేయొచ్చు.

2022 అక్టోబరు 25న సాయంత్రం సూర్యగ్రహణం పట్టినప్పుడు మన గ్రామ సంఘాల్లో కొంతమంది గర్భిణులు తలుపులు వేసుకుని, మంచినీళ్లు కూడా తాగకుండా, కదలకుండా పడుకున్నారు. కడుపుతో ఉన్న మనిషి గంటల తరబడి నీళ్లు తాగకపోతేనే నష్టం. తొంభై ఏళ్ల కిందట ఒక తల్లి పోగొట్టి చూపించిన భయం ఇంకా మన గుమ్మాల్లోనే ఉంది.

1940 ఆగస్టు 10న ఉయ్యూరు దగ్గర ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలైంది. పేరు విని దేవుణ్ణి తిట్టడమే వాళ్ల పని అనుకుంటారు. ముదునూరులో చేసింది వయోజనులకు చదువు చెప్పడం, అంటరానితనం పోగొట్టడం. పౌర్ణమి రోజుల్లో అన్ని కులాల వాళ్లూ ఒకే వరసలో కూర్చుని తినే సహపంక్తి భోజనాలు పెట్టారు. ఆ కాలంలో పక్క కులం వాడి పక్కన కూర్చుని ముద్ద ఎత్తడం చిన్న సంగతి కాదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో భార్యాభర్తలిద్దరూ జైలుకు వెళ్లారు. సరస్వతి గారు చంటిబిడ్డను వెంటబెట్టుకునే వెళ్లారు. 1947లో కేంద్రం విజయవాడ పటమటకు మారింది.

పిల్లల పేర్లలో కూడా ఆ ఇంటి పద్ధతి కనిపిస్తుంది. ఉప్పు సత్యాగ్రహం ఏడాది పుట్టిన అబ్బాయికి లవణం అని, 1939లో యుద్ధం వచ్చినప్పుడు పుట్టిన అబ్బాయికి సమరం అని పెట్టారు. పత్రికల్లో ఆరోగ్యం గురించి రాసిన డాక్టర్ సమరం గారు ఆయనే. తొమ్మిదో బిడ్డ పేరు నౌ. హిందీలో తొమ్మిది అని అర్థం.

మనలో చాలామందిమి శుక్రవారం దీపం పెట్టేవాళ్లమే. గోరా గారి దగ్గర నేర్చుకోవాలంటే దీపం ఆర్పాల్సిన పని లేదు. గాంధీ గారు రోజూ ప్రార్థన చేసే మనిషి. అయినా 1944 నుంచి గోరా గారితో స్నేహం చేశారు, మాట్లాడారు, వాదించారు. గోరా గారు పెద్దమ్మాయి మనోరమను దళిత యువకుడు అర్జునరావు గారికి ఇవ్వాలనుకుంటే, సేవాగ్రామ్‌లో ఆ పెళ్లి చేయిస్తానని గాంధీ గారు ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు. పెళ్లి ఆగలేదు. ఆ మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిగింది. 1960లో లవణం గారు మహాకవి గుర్రం జాషువా గారి అమ్మాయి హేమలత గారిని చేసుకున్నారు. కులం వద్దని మీటింగుల్లో చెప్పేవాళ్లు చాలామంది. సొంత పిల్లల పెళ్లి దగ్గర ఆ మాట మీద నిలబడేవాళ్లు ఎంతమంది?

గోరా గారు 1975 జూలై 26న చనిపోయారు. పని ఆగలేదు. అమ్మాయి చెన్నుపాటి విద్య గారు విజయవాడ నుంచి 1980లో, 1989లో ఎం.పీ.గా గెలిచారు. ఆ కుటుంబం 1969లో పెట్టిన వాసవ్య మహిళా మండలిని ఆవిడ నడిపారు. వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వం అనే మూడు మాటలు కలిపి ఆ పేరు పెట్టారు. 1977 నవంబరు 19 ఉప్పెనకు దివిసీమ కొట్టుకుపోయినప్పుడు నాస్తిక కేంద్రం వాళ్లు సహాయ పనుల్లో దిగారు. లవణం గారు, హేమలత గారు స్టూవర్టుపురంలో దొంగలని ముద్రపడ్డ కుటుంబాల మధ్య, నిజామాబాద్ జిల్లాలో జోగిని ఆడపిల్లల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. సరస్వతి గారు 2006 దాకా ఉండి ఇదంతా చూశారు.

మాస్టారు కాలేజీలో పాఠం చెప్పింది కొన్నేళ్లే. ఇంట్లో చెప్పిన పాఠం మాత్రం మూడు తరాలు నడిచింది. మనకు కాలేజీ లేదు, ఇల్లు ఉంది, సంఘం ఉంది. అందుకని ఈ నివేదిక చదివే గ్రామ సంఘాలన్నిటికీ రెండు పనులు చెబుతున్నాం. వచ్చే గ్రహణానికి ముందు జరిగే సమావేశంలో మీ ఊరి ఏ.ఎన్.ఎం. గారిని, హైస్కూలు సైన్సు టీచరు గారిని పిలిచి గర్భిణులకు, ముఖ్యంగా వాళ్ల అత్తగార్లకు, విషయం చెప్పించండి. ఆ రోజు కడుపుతో ఉన్నవాళ్లు వేళకు అన్నం తిన్నారా, నీళ్లు తాగారా అని సంఘం లీడర్లు ఇంటింటికీ వెళ్లి చూసి రండి. రెండోది, మహాసభ రోజు భోజనాల దగ్గర ఊరివారీగా, పేటవారీగా విడివిడిగా కూర్చోవద్దు. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఒకే వరసలో కూర్చుందాం. వడ్డించే పని అన్ని పేటల సంఘాలకూ వంతుల వారీగా ఇద్దాం.