ఒక్క గుండు తుపాకి: వేట, చట్టం, అధికారం

ఒకసారి పేల్చాక మళ్లీ చేత్తో మందుగుండు నింపితే తప్ప రెండోసారి పేలని పెద్ద గొట్టపు వేట రైఫిళ్లు 19వ శతాబ్దంలో దక్షిణాసియా అడవుల్లో విరివిగా కనిపించేవి. వాటిని అభిమానించేవారు ఒక మాట చెబుతుంటారు: చేతిలో ఉన్నది ఒక్క గుండే కనుక వేటగాడు తొందరపడడు, గురి తప్పితే జంతువు తప్పించుకుంటుంది, కాబట్టి అది న్యాయమైన వేట అని. ఈ మాటను చరిత్ర సమర్థిస్తుందా? ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ముందుగా తుపాకి సంగతి చూద్దాం. శామ్యూల్ బేకర్ అనే ఆంగ్లేయుడు 1840లో బ్రిస్టల్ నగరంలోని గిబ్స్ అనే తయారీదారు చేత ఒక రైఫిల్ చేయించుకున్నాడు. దాని బరువు 21 పౌన్లు, అంటే సుమారు తొమ్మిదిన్నర కిలోలు. గొట్టం పొడవు 36 అంగుళాలు. అందులో వేసే సీసపు గుండు 3 ఔన్సులు, అంటే దాదాపు 85 గ్రాములు. ఒక్కోసారి నింపే మందు ఒక ఔన్సు. ఇంత బరువు ఎందుకు? ఆనాటి నల్ల తుపాకి మందు గుండును ఒక హద్దు దాటి వేగంగా పంపలేదు. ఏనుగు వంటి జంతువును పడగొట్టాలంటే గుండు బరువునే పెంచాలి. అప్పుడు ద్రవ్యవేగ నిత్యత్వ నియమం అడ్డువస్తుంది. గుండూ, మండిన మందూ కలిసి ముందుకు ఎంత ద్రవ్యవేగంతో వెళతాయో, తుపాకి అంతే ద్రవ్యవేగంతో వెనక్కు వస్తుంది. తుపాకి తేలికైనదైతే భుజం విరగవచ్చు. బరువైనదైతే వెనక్కు తన్నే వేగం తగ్గుతుంది.

బేకర్ 1840లలో ఇప్పటి శ్రీలంకకు, అంటే నాటి సిలోన్‌కు వచ్చి అక్కడ ఏనుగులను వేటాడాడు. అక్కడి దొరలు ఒకే తుపాకితో అడవికి వెళ్లేవారు కాదు. నింపి సిద్ధంగా ఉంచిన తుపాకులను మోస్తూ స్థానికులు వెంట నడిచేవారు. ఒకటి పేలగానే రెండోది చేతికి అందించేవారు. జాడ పట్టేదీ వారే. అంటే యంత్రానికి ఉన్న పరిమితిని మనుషుల శ్రమ తీర్చింది. దీని ఫలితమేమిటో చూడండి. మేజర్ థామస్ రోజర్స్ అనే అధికారి ఒక్కడే 1,400 ఏనుగులను చంపినట్లు ఆనాటి రచనలు చెబుతాయి. సిలోన్ వలస ప్రభుత్వ కార్యదర్శిగా పనిచేసిన జేమ్స్ ఎమర్సన్ టెనెంట్ రాసినదాని ప్రకారం, 1848కి ముందు మూడేళ్లలోపే ఉత్తర ప్రాంతంలోని ఒక భాగంలో 3,500కు పైగా ఏనుగులు చనిపోయాయి. 1851-56 మధ్య దక్షిణ ప్రాంతంలో మరో 2,000 చనిపోయాయి. పంటలను కాపాడటానికని ప్రభుత్వమే ఏనుగు తలకు ఇంత అని బహుమతి ఇచ్చింది. ఒక్క గుండు తుపాకి ఈ సంహారాన్ని ఆపలేదు.

తర్వాతి దశలో తుపాకి మారింది. గొట్టం మూతి నుంచి మందు కూరే పద్ధతి పోయి, వెనుక వైపు నుంచి తూటా పెట్టే పద్ధతి వచ్చింది. బ్రిటిష్ సైన్యంలో 1866లో స్నైడర్, 1871లో మార్టినీ-హెన్రీ రైఫిళ్లు ప్రవేశించాయి. 1872లో స్కాట్లండ్‌కు చెందిన జాన్ ఫార్కర్సన్ పేటెంటు పొందిన రైఫిల్ వేటగాళ్లలో పేరు తెచ్చుకుంది. కింద ఉన్న మీటను లాగితే లోపలి ఉక్కు దిమ్మ కిందికి జారి, తూటా పెట్టే చోటు తెరుచుకుంటుంది. విడిభాగాలు తక్కువ, బలం ఎక్కువ.

ఈ కొత్త ఆయుధం అందరికీ ఒకేలా అందలేదు. 1857 తిరుగుబాటు తర్వాత భారతీయ సిపాయిలకు ఒక తరం పాత తుపాకులే ఇవ్వడం ఆనవాయితీ అయింది. 1880 జూలై 27న అఫ్గానిస్తాన్‌లోని మైవాంద్ యుద్ధంలో బ్రిటిష్ 66వ రెజిమెంటు చేతిలో మార్టినీ-హెన్రీలు ఉన్నాయి. పక్కనే పోరాడిన భారతీయ పటాలాల చేతిలో స్నైడర్లు ఉన్నాయి. పౌరుల విషయంలో 1878 నాటి ఆయుధాల చట్టం ఇదే పని చేసింది. భారతీయులకు లైసెన్సు తప్పనిసరి, ఐరోపావారికి మినహాయింపు. అదే ఏడాది వచ్చిన అటవీ చట్టం అడవిపై ప్రభుత్వ పట్టును బిగించింది. పంటను పందుల నుంచి కాపాడుకోవలసిన రైతుకు తుపాకి దొరకదు, సరదాగా వేటకు వచ్చే దొరకు అడ్డు లేదు. ఈ చట్టాన్ని సడలించాలని భారత జాతీయ కాంగ్రెస్ 1887 మద్రాసు సమావేశంలోనే కోరింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి ముందుగా తీసుకున్నది తుపాకులనే. మన్యం ప్రజలకు ఆయుధం దొరికే చోటు అదే మరి.

ఇక జంతువుల సంగతి. ఏనుగులను కాపాడటానికి మద్రాసు ప్రభుత్వం 1873లో, భారత ప్రభుత్వం 1879లో చట్టాలు చేశాయి. తుపాకులు మెరుగవుతున్న రోజుల్లోనే ఈ చట్టాలు వచ్చాయని గమనించాలి. కలప లాగడానికీ, సైన్యపు సామాను మోయడానికీ ఏనుగు అవసరం కావడం కూడా దీనికి ఒక కారణం. అలాంటి అవసరం లేని పులికి మాత్రం రక్షణ బదులు తలపై బహుమతి కొనసాగింది. స్వాతంత్ర్యం తర్వాత 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో క్రీడగా వేటాడటం పూర్తిగా ఆగిపోయింది.

పాత రైఫిళ్లు ఇప్పటికీ కొన్ని కుటుంబాల్లో వారసత్వంగా ఉన్నాయి. మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధానికి 1959 ఆయుధాల చట్టంలో మినహాయింపు ఉంది. పేలగలిగినదానికి లైసెన్సు ఉండాలి. 2019 సవరణ సాధారణంగా ఒక వ్యక్తికి రెండు తుపాకులనే అనుమతించింది. తాతల నాటివీ ఆ లెక్కలోకే వస్తాయి. లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవి జంతువుపై పేల్చే హక్కు రాదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్లే. నిగ్రహం తుపాకి నిర్మాణంలో లేదు. అది ఎవరి చేతిలో ఉంది, వారిని ఏ చట్టం అదుపు చేస్తుంది, ఆ చట్టం అందరికీ ఒకేలా వర్తిస్తుందా అన్నవే అసలు ప్రశ్నలు. మ్యూజియంలో పాత తుపాకి కనబడినప్పుడు దాని పొడవు, బరువులతో పాటు ఈ మూడూ అడిగి చూడండి.