పాసు చేతిలో, సీటు ఎక్కడ?



కోలారు నుంచి, బంగారుపేట నుంచి రోజూ బెంగళూరుకు పనికి వెళ్ళి వచ్చే మనవాళ్ళను అడగండి, సీజన్ టికెట్టు అంటే ఏమిటో చెబుతారు. ఒకసారి డబ్బు కడితే నెలంతా రైలు మనదే అన్న ధీమా అది. కానీ ఆ టికెట్టు జేబులో ఉంది కదా అని రిజర్వేషన్ పెట్టెలో దర్జాగా కూర్చుంటే, టి.టి.ఇ. వచ్చి లేపుతాడు. అంటే రైలెక్కే హక్కు వేరు, కూర్చునే హక్కు వేరు. ఈ రెండింటి మధ్య దూరం రైళ్ళ వేగంతోపాటే ఎలా పెరిగిందో తెలుసుకోవాలంటే జపాను దేశపు చరిత్ర చూడాలి. మన ఊళ్ళ నుంచి కూడా టోక్యోలో ఉద్యోగం చేసే పిల్లల దగ్గరికి వెళ్ళి వచ్చే తల్లిదండ్రులు ఉన్నారు కనుక, ఇది మనకు మరీ దూరపు కథ కూడా కాదు.

మొదట రిజర్వేషను సంగతి చూద్దాం. కంప్యూటరు రాకముందు జపానులో దూరప్రయాణపు రైళ్ళ సీట్లన్నీ దస్తరాల్లో ఉండేవి. రిజర్వేషను కేంద్రంలో గుండ్రంగా తిరిగే పెద్ద బల్ల, దాని మీద రైలుకొకటి, తేదీకొకటి చొప్పున పుస్తకాలు. స్టేషను నుంచి ఫోను రాగానే గుమాస్తా తిరిగే బల్ల మీంచి పుస్తకం అందుకోవాలి, ఖాళీ చూడాలి, రాయాలి, మళ్ళీ అక్కడే పెట్టాలి. ఇంత హడావుడిలో ఒకే సీటు ఇద్దరికి రాసెయ్యడం జరగకుండా ఎలా ఉంటుంది? ఈ బాధ తీర్చడానికి జపాను జాతీయ రైల్వే పరిశోధన సంస్థలో హొసాకా మమోరు అనే ఇంజనీరు నాయకత్వాన ఒక కంప్యూటరు పద్ధతి తయారయింది. దాని పేరు మార్స్. 1960లో టోక్యో, ఒసాకాల మధ్య నడిచే నాలుగు ఎక్స్‌ప్రెస్ రైళ్ళతో అది పని మొదలుపెట్టింది. మన దేశంలో కంప్యూటరు రిజర్వేషను ఢిల్లీలో మొదలయింది 1985లో అని గుర్తు చేసుకుంటే, అది ఎంత ముందుచూపో అర్థమవుతుంది.

నాలుగేళ్ళకు, 1964 అక్టోబరు 1న, టోక్యో ఒలింపిక్స్‌కు సరిగ్గా తొమ్మిది రోజుల ముందు షిన్‌కాన్సెన్ పరుగు మొదలుపెట్టింది. గంటకు 210 కిలోమీటర్ల వేగం. టోక్యో నుంచి ఒసాకాకు నాలుగు గంటలు. రెండు రకాల రైళ్ళు నడిపారు. పెద్ద స్టేషన్లలోనే ఆగేదాని పేరు హికారి, అంటే వెలుగు. అన్ని స్టేషన్లలో ఆగేది కొడమా, అంటే ప్రతిధ్వని. మొదట అన్ని సీట్లూ రిజర్వేషనువే. జనం పెరిగిన కొద్దీ, ముందుగా టికెట్టు తీసుకోని వాళ్ళు ఏం కావాలి అన్న ప్రశ్న వచ్చింది. కొంతకాలానికి కొడమాలో, 1972లో హికారిలో రిజర్వేషను లేని పెట్టెలు పెట్టారు. ముందు వచ్చినవాడికి సీటు, వెనక వచ్చినవాడికి నిలబడే చోటు. మన జనరల్ పెట్టెకు అది దూరపు చుట్టం అనుకోండి.

ఇక పాసు సంగతి. ఐరోపాలో 1959 నుంచే యూరెయిల్ పాసు ఉంది. ఒక్క టికెట్టుతో ఎన్నో దేశాలు తిరగవచ్చు. అదే దారిలో జపాను రైల్వే 1981లో విదేశీ యాత్రికుల కోసం జపాన్ రైల్ పాస్ ప్రవేశపెట్టింది. దేశమంతా తిరగండి, షిన్‌కాన్సెన్ కూడా ఎక్కండి, కౌంటరు దగ్గరికి వచ్చి అడిగితే సీటు రిజర్వేషను కూడా ఉచితం అన్నారు. ఇంతకంటే ఉదారమైన ఏర్పాటు ఎక్కడుంటుంది?

అయితే కాలం అక్కడే ఆగలేదు. 1987 ఏప్రిల్‌లో అప్పుల భారంతో కుంగిన జాతీయ రైల్వేను ముక్కలు చేశారు. ప్రయాణికుల రైళ్ళు ఆరు కంపెనీల చేతికి వెళ్ళాయి. పాసు మాత్రం ఆరింటికీ ఉమ్మడిగా మిగిలింది. అన్నదమ్ములు వేరుపడ్డాక కూడా ఇంటి బావి ఒక్కటే అయినట్లు. 1992 మార్చిలో ఇంకా వేగమైన రైలు వచ్చింది. గంటకు 270 కిలోమీటర్లు, టోక్యో నుంచి ఒసాకాకు రెండున్నర గంటలు. దాని పేరు నొజొమి, అంటే ఆశ. అందులో అన్నీ రిజర్వేషను సీట్లే. పాసు ఉన్నవాళ్ళకు ఆ రైలు ఎక్కే వీలు లేదు. పాసు పుస్తకం మీద దేశమంతా అని ఉంది గానీ, ఆశకు మాత్రం అనుమతి లేదు!

మొదట్లో నొజొమి రోజుకు కొన్నే కనుక ఎవరికీ పెద్ద ఇబ్బంది కాలేదు. 2003 అక్టోబరులో దాని సంఖ్య బాగా పెంచి, అందులో కూడా మూడు పెట్టెలు రిజర్వేషను లేకుండా వదిలారు. 2020 నాటికి రద్దీ వేళల్లో గంటకు పన్నెండు నొజొములు నడపగల స్థితి వచ్చింది. గంటకు హికారి మాత్రం రెండే. పాసు చేతబట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ముసలి దంపతులను ఊహించుకోండి. కళ్ళముందే రైలు వెనక రైలు. వాళ్ళది మాత్రం అరగంటకొకటి. ఆ హికారిలో దొరికే సీట్ల కోసం పాసుదారులందరూ పోటీ.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. జపానులో ఉద్యోగం చేస్తూ నివాసం ఉంటున్న విదేశీయుడు ఈ పాసు కొనలేడు. కొద్దిరోజుల సందర్శనకు వచ్చినవాళ్ళకే అది. కొడుకు టోక్యోలో ఉద్యోగి అనుకుందాం. చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకు పాసు దొరుకుతుంది, కొడుక్కి దొరకదు. అతను తెలియక తన టికెట్టు నొజొమిలో తీసుకుంటే, అమ్మానాన్నలు పాసు మీద అదనంగా డబ్బు కట్టని పక్షంలో, ముగ్గురూ ఒకే ఊరికి రెండు రైళ్ళలో వెళ్ళాలి. ముగ్గురూ హికారిలో పక్కపక్కనే సీట్లు అడగడమే దానికి మందు. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు, మీరు ఇక్కడివారా అక్కడివారా అన్న ప్రశ్న కొత్త కాదు. రైల్వే కౌంటరు దగ్గర కూడా ఆ ప్రశ్న ఎదురవుతుంది, అంతే.

మరి రద్దీ ఎప్పుడు? సంవత్సరాది రోజులు, ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా వరస సెలవులు, ఆగస్టు నడుమ పితృదేవతలను తలుచుకునే ఒబొన్ పండుగ. మన సంక్రాంతికి పట్నాలు ఖాళీ అయినట్లే అక్కడ టోక్యో ఖాళీ అవుతుంది. ప్రయాణపు తేదీకి సరిగ్గా నెల ముందు, ఉదయం పది గంటలకు సీట్లు తెరుస్తారు. 1965 నుంచి ఉన్న పచ్చ కౌంటర్లలో గుమాస్తాలు ఆ క్షణానికే మీట నొక్కడానికి సిద్ధంగా ఉండేవారు. మన వెయిటింగ్ లిస్టు పద్ధతి అక్కడ లేదు. సీటు ఉంటే ఉంది, లేకపోతే రిజర్వేషను లేని పెట్టె వరస. ఉత్తరాదికి వెళ్ళే హయబుసా వంటి రైళ్ళలో, 2011లో మొదలయినప్పటి నుంచి, ఆ పెట్టె కూడా లేదు. పాసు ఉన్నా సీటు చీటీ ఉండాలి. 2020 మే నుంచి టోక్యో, ఒసాకా మార్గంలో పెద్ద పెట్టె వెంట ఉంటే, అంటే పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే, దాని కోసం కేటాయించిన సీటు ముందుగా అడగాలి. ఊరగాయ జాడీలతో బయలుదేరే మన అమ్మలు ఇది గుర్తు పెట్టుకోవాలి.

2023 సంవత్సరం ఈ చరిత్రలో పెద్ద మలుపు. అక్టోబరులో ఏడు రోజుల సాధారణ పాసు ధర 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50,000 యెన్లకు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు పోయి రావడానికి మామూలు టికెట్టు సుమారు 28,000 యెన్లు. అంటే అంతవరకు ఒక్క యాత్రతో దాదాపుగా గిట్టుబాటయిన పాసు, ఆ తరువాత చాలామందికి గిట్టకుండా పోయింది. దానికి బదులుగా నొజొమి తలుపు తెరిచారు, కానీ ఊరికే కాదు. టోక్యో, క్యోటోల మధ్య పాసు మీద అదనంగా 4,960 యెన్లు కట్టాలి. అదే ఏడాది చివర, పండుగ రద్దీ రోజుల్లో నొజొమి పూర్తిగా రిజర్వేషను రైలయింది. 2025 మార్చి నుంచి మామూలు రోజుల్లో కూడా రిజర్వేషను లేని పెట్టెలు మూడు కాదు, రెండే.

ఫ్రాన్సు మరో దారి పట్టింది. 1981లో పారిస్, లియోన్‌ల మధ్య మొదలయిన టి.జి.వి. రైలుకు మొదటినుంచీ రిజర్వేషను తప్పనిసరి. పాసు ఉన్నవాళ్ళు దానికి విడిగా రుసుము కట్టాలి, పైగా ఒక్కో రైలులో పాసుదారులకు కొన్ని సీట్లే. ఆ వాటా అయిపోతే రైలులో ఖాళీలున్నా పాసుకు సీటు రాదు. జర్మనీలో 1991లో మొదలయిన వేగపు రైళ్ళలో మాత్రం రిజర్వేషను ఇష్టమున్నవారికే. పాసు చూపి ఎక్కవచ్చు, సీటు దొరకడం అదృష్టం.

ఎవరిది న్యాయం? కంపెనీ మాట కూడా వినాలి. నిలబడిన జనంతో రైలు స్టేషనులో ఒక్క నిమిషం ఆలస్యమయితే, మూడు నాలుగు నిమిషాల్లో వెనక వచ్చే రైలు కూడా ఆలస్యమవుతుంది. వేగం పెరిగిన కొద్దీ ప్రతి సీటుకూ ముందే పేరు రాసుకోవలసిన అవసరం పెరిగింది. కానీ పాసు పుట్టింది ఎందుకు? ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్కే స్వేచ్ఛ కోసం. ఆ స్వేచ్ఛ కొంచెం కొంచెంగా కరిగిపోతూ వచ్చిందన్నది కాదనలేని నిజం. ప్రయాణికుడి బాధ్యత కూడా ఒకటుంది. జపానులో పాసుదారులకు రిజర్వేషను ఉచితం కనుక, వెళ్ళని రైలులో సీటు అట్టేపెట్టుకుని మరిచిపోవడం తేలిక. ఆ ఖాళీ సీటు పక్కన ఇంకెవరో పిల్లను ఎత్తుకుని నిలబడి ఉండవచ్చు. వెళ్ళనప్పుడు రైలు కదలకముందే సీటు తిరిగి ఇచ్చెయ్యడం మర్యాద.

మన దేశంలో విదేశీయులకు, ప్రవాస భారతీయులకు అమ్మిన ఇండ్‌రైల్ పాసు 2017లో ఆగిపోయింది. అదే ఏడాది ముంబయి, అహ్మదాబాదుల మధ్య 508 కిలోమీటర్ల మార్గానికి శంకుస్థాపన జరిగింది. దానికి ఆధారం ఈ షిన్‌కాన్సెన్ పరిజ్ఞానమే. మహారాష్ట్రలో ఉన్న మన శ్రోతలు దాని పనులు కళ్ళారా చూసే ఉంటారు. ఆ రైలు పట్టాల మీదికి వచ్చిన రోజున, అరవై ఏళ్ళుగా జపాను తేల్చుకుంటూ వస్తున్న ప్రశ్నే మన ముందుకూ వస్తుంది. నెలసరి టికెట్టుతో బతికే మనిషికి ఆ రైలులో చోటుంటుందా? ముందుగా సీటు పట్టుకోలేనివాడికి ఒక్క పెట్టెయినా వదులుతారా? వేగం ఎంతన్నది ఇంజనీర్లు చెబుతారు. చోటు ఎవరికన్నది మాత్రం మనమూ అడగాలి.