నాలుకకు పడ్డ సుంకం

హైదరాబాదు నుంచి ముంబై వెళ్లే రహదారి మీద పటాన్‌చెరు దాటగానే ఇస్నాపూర్ చౌరస్తా వస్తుంది. పక్కనే పాశమైలారం ఫ్యాక్టరీలు. అదే దారిన ఇంకాస్త ముందుకుపోతే సంగారెడ్డి చుట్టుపక్కల దేశంలో పేరున్న బీరు కంపెనీల బ్రూవరీలు ఉన్నాయి. తెలంగాణలో తాగే బీరులో పెద్ద వాటా ఈ ఒక్క జిల్లాలోనే తయారవుతుంది. అయినా ఇక్కడ వైన్స్ ముందు నిలబడ్డ మనిషి అడిగేవి రెండే మాటలు: స్ట్రాంగా లైటా, కూలింగ్ ఉందా లేదా. ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలో, జూబ్లీహిల్స్ మైక్రోబ్రూవరీలో కూర్చున్నవాళ్లు అదే బీరు జాతి పానీయాన్ని చిన్న గ్లాసుల్లో వరుసగా పెట్టించుకుని, వాసనకు ఇన్ని మార్కులు, రంగుకు ఇన్ని, నోట్లో మిగిలే చేదుకు ఇన్ని అని లెక్క కడుతుంటారు. ఈ తేడాను చూసిన వాళ్లు సాధారణంగా చదువుకో డబ్బుకో ముడిపెట్టి ఊరుకుంటారు. షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడికి రుచితో పనేముందంటారు. ఈ ప్రాంతపు గతం తెలిసినవాళ్లు అలా అనలేరు. తాగేదాన్ని రుచి చూసి మంచిచెడ్డలు తేల్చే విద్య ఇక్కడ పేదవాడికే ఎక్కువ తెలిసి ఉండేది. దాన్ని పోగొట్టింది పేదరికం కాదు, ఆబ్కారీ.

ఆ విద్య కల్లుది. తాటి, ఈత చెట్ల కింద మండువలో కల్లు పోసేవాడు గీసినవాడే. పొద్దున మోకు, ముస్తాదు వేసుకుని చెట్టెక్కి, గెలకు కత్తితో సన్నని పొర తీసి, నిండిన లొట్టి దించి ఖాళీ లొట్టి కడతాడు. తాగేవాడు కింద కూర్చుని తాటాకు రేకను దోసిట్లో పట్టుకుంటే అందులో పోస్తాడు. ఏ చెట్టు కల్లో కళ్ల ముందే కనిపిస్తుంది. ఈతకల్లా తాటికల్లా అన్నది మొదటి మెట్టు మాత్రమే. తాటిలో పోతుతాడు వేరు, పండుతాడు వేరు. వాటి కాలాలూ వేరు. పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, పొద్దుగూకేసరికి పులుపెక్కి గాటొస్తుంది. దీనికి కారణం రసాయనమే. చెట్టు నుంచి కారే రసంలో పది శాతానికి అటూ ఇటూ చక్కెర ఉంటుంది. గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న ఈస్టు, బాక్టీరియా దానిమీద పడి కొన్ని గంటల్లోనే నాలుగైదు శాతం ఆల్కహాలు చేస్తాయి. మరునాటికి అది సిర్కా దారి పడుతుంది. ప్రతి గంటకూ మారే పానీయం కాబట్టి నురగ చూసి, వాసన చూసి, ఒక గుక్క నాలుక మీద నిలిపి తేల్చుకోక తప్పదు. ఫలానా బావి గట్టు మీది చెట్టు కల్లే కావాలని అడిగేవాళ్లుండేవారు. ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే ఒక్క చెట్టు కల్లు తెప్పించేవారు. బోనాల్లో అమ్మవారికి శాక పోసేది కూడా ఈ కల్లే. మార్కుల కాగితం లేకపోయినా, తూకం మాత్రం కచ్చితంగా ఉండేది.

ఇది పాత రోజుల మీది మురిపెం అని ఎవరైనా అనవచ్చు. గీత కార్మికుల బతుకు ఎన్నడూ మురిపెంగా లేదు; చెట్టు మీది నుంచి పడి చచ్చినవాళ్లూ నడుములు విరిగినవాళ్లూ ప్రతి ఊళ్లో ఉన్నారు. ఇక్కడ ప్రశ్న ఆ జీవితం సుఖంగా ఉందా అన్నది కాదు. తాగేవాడికి పోల్చి చూసుకునే అవకాశం ఉందా అన్నది. రెండు చెట్లు పక్కపక్కన, ఇద్దరు గీతగాళ్లు ఎదురెదురుగా ఉన్నంతకాలం అది ఉంది. పోల్చడానికి రెండోది లేనిచోట రుచి అనే మాటకే అర్థం ఉండదు.

ఆబ్కారీ వచ్చి సరిగ్గా ఆ రెండోదాన్ని తీసేసింది. నిజాం రాజ్యంలో భూమిశిస్తు తర్వాత ఖజానాకు పెద్ద ఆదాయం ఆబ్కారీదే. ఒక ఇలాకా మొత్తాన్ని గుత్తకిస్తే, గుత్తేదారు ముందుగా సర్కారుకు కట్టిన సొమ్మును చెట్ల నుంచీ గీసేవాళ్ల నుంచీ రాబట్టుకునేవాడు. సర్కారు లెక్కలో ఉన్నవి చెట్టు, లొట్టి, దుకాణం. మంచి కల్లుకూ చెడ్డ కల్లుకూ సుంకం ఒకటే. గుత్తేదారు లాభం పరిమాణంలో ఉన్నప్పుడు అతను పది చెట్ల కల్లును ఒకే కుండలో కలిపేస్తాడు. కలిపాక ఏ చెట్టుది ఏదో బ్రహ్మకు కూడా తెలియదు. నిజాం పోయినా పద్ధతి పోలేదు. తర్వాత గీత సొసైటీలు వచ్చాయి, చెట్టు గీసేవాడికే చెట్టు అనే విధానమూ వచ్చింది. అవి నిజంగానే మంచి మార్పులు. కానీ హైదరాబాదు చుట్టూ జనం పెరిగి, చెట్లు తగ్గి, అమ్మకం మండువ నుంచి కాంపౌండుకు మారాక తాటాకు రేక పోయి సీసా వచ్చింది. సీసాలోకి వచ్చినది చాలాసార్లు కల్లే కాదు. అందులో కలిపే మత్తుమందులు: ముందు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజీపామ్, ఇప్పుడు ఆల్ప్రాజోలం. ఆ ఆల్ప్రాజోలాన్ని దొంగచాటుగా తయారుచేస్తూ పట్టుబడ్డ కేసులు ఈ సంగారెడ్డి జిల్లా పారిశ్రామిక ప్రాంతంలోనే ఉన్నాయి. తాటివనాలుండాల్సిన నేల మీది ఫ్యాక్టరీ షెడ్డు నుంచే కల్లుకు మత్తు సరఫరా కావడం కన్నా చేదైన సంగతి ఈ చరిత్రలో మరొకటి లేదు. 2004లో నగరంలో కల్లు దుకాణాలు మూయించారు, 2014లో తెరిపించారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. మూసినా తెరిచినా చర్చంతా దుకాణం గురించే సాగింది, అందులో అమ్మేదాని గురించి కాదు.

కల్తీని చూపించి, కల్లుకు రుచి సంప్రదాయం ఉందనడం హాస్యాస్పదం అనేవాళ్లున్నారు. నాకు అది తలకిందుల వాదనగా కనిపిస్తుంది. ఈనాటికీ తెలంగాణలో తాగేవాళ్లు చెట్టు కల్లు వేరు, సీసా కల్లు వేరు అనే మాట్లాడతారు. చెట్టు కల్లు కోసం ఆదివారం పొద్దున్నే బండ్లేసుకుని ఊళ్లకు పోతారు. తేడా తెలియక కాదు, దొరక్క సీసాకు దిగారు. ఆల్ప్రాజోలం నాలుకకు చిక్కదన్నది నిజమే. కానీ ఎవరు గీశారో, ఏ చెట్టుదో తెలిసిన కల్లులో అది కలవడం కష్టం.

సారా కథ పొట్టిది. 1980లలో సర్కారే వారుణి వాహిని పేరుతో ప్యాకెట్లలో సారా పంపింది. అందులో రుచి మాట ఎత్తడమే దండగ. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో తిరగబడ్డాక 1993 అక్టోబరు 1 నుంచి సారా బంద్ అయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలింది. సారా మాత్రం చట్టబద్ధంగా తిరిగిరాలేదు. ఆ ఖాళీలోకి విస్కీ, బ్రాందీలతో పాటు బీరు వచ్చింది. అప్పటికే, 1986లో, టోకు వ్యాపారమంతా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలోకి పోయింది. తయారుచేసేవాడు ఎవరైనా కార్పొరేషన్‌కే అమ్మాలి, దుకాణదారుడు కార్పొరేషన్ దగ్గరే కొనాలి. ఒక కొత్త బీరు ఇస్నాపూర్ వైన్స్ అలమరలోకి రావాలంటే తాగేవాడి నాలుక ముందు ఆఫీసు ఫైలు ఒప్పుకోవాలి. 2025 జనవరి 8న కింగ్‌ఫిషర్ కంపెనీ తెలంగాణకు సరఫరా ఆపేసిన ఉదంతం చూడండి. మూల ధర 2019-20 నుంచి పెంచలేదని, బకాయిలు పేరుకున్నాయని కంపెనీ అంది. 20న మళ్లీ పంపింది. ఫిబ్రవరిలో విశ్రాంత న్యాయమూర్తి కమిటీ సిఫారసు మీద ప్రభుత్వం ధర 15 శాతం పెంచింది. సరఫరా ఆగిన పన్నెండు రోజులూ పత్రికల్లో ఎంతో సిరా ఖర్చయింది. బకాయి గురించి రాశారు, ధర గురించి రాశారు, ఖజానా గురించి రాశారు. రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యే బీరు ఎలా ఉంటుందో, దాని స్థానంలో తాగినది ఎలా ఉందో ఒక్క వాక్యం కూడా ఎవరికీ అవసరం అనిపించినట్టు లేదు.

ఇక అసలు అభ్యంతరానికి వద్దాం. ఎండాకాలం ఫర్నేసు దగ్గర పన్నెండు గంటలు నిలబడ్డవాడికి కిక్కు కావాలి, రుచి కాదు. అందుకే స్ట్రాంగ్ అంతలా అమ్ముడవుతోంది అంటారు. స్ట్రాంగ్ అమ్ముడవుతున్న మాట నిజం. మన ఆహార ప్రమాణాల ప్రకారం ఆల్కహాలు 5 శాతం దాటి 8 దాకా ఉంటే స్ట్రాంగ్, దేశంలో అత్యధిక భాగం అదే. కారణం మాత్రం ఫర్నేసు కాదు. మన దగ్గర పన్ను ప్రధానంగా ధరను పట్టుకుని పోతుంది, ఆల్కహాలును కాదు. లైటుకూ స్ట్రాంగుకూ ధరలో తేడా స్వల్పం, మత్తులో తేడా దాదాపు ఒకటిన్నర రెట్లు. లెక్క తెలిసిన కార్మికుడు స్ట్రాంగే కొంటాడు. అతని తెలివిని తప్పుపట్టడానికి లేదు. ఇంగ్లండు బొగ్గుగనుల్లో, ఉక్కు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లది మన ఫర్నేసు కన్నా తేలిక పని కాదు. వాళ్లు ఇరవయ్యో శతాబ్దంలో దశాబ్దాల పాటు తాగింది మూడు, మూడున్నర శాతం ఆల్కహాలుండే మైల్డ్ అనే నల్లని బీరు. 1880లో అక్కడి ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్టు మీది పన్ను తీసేసి, పులియబెట్టే ముందు రసం ఎంత చిక్కగా ఉందో కొలిచి సుంకం వేసే చట్టం తెచ్చాడు. చిక్కదనం పెరిగితే సుంకం పెరుగుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ సుంకం ఎన్నో రెట్లయ్యేసరికి బీరు పలచబడింది, కార్మికుడి అలవాటూ దానితో మారింది. అక్కడ పలచని బీరునూ ఇక్కడ స్ట్రాంగునూ తెచ్చిపెట్టింది పన్ను లెక్కే.

మార్కులు వేసే పద్ధతి కూడా ఖాళీగా ఉన్న షోకిలాల ఆటగా పుట్టలేదు. ఇంగ్లండులో పెద్ద కంపెనీలు చిన్నవాటిని మింగి అన్ని పబ్బుల్లోనూ ఒకేరకం కెగ్ బీరు పోయడం మొదలుపెట్టాక, 1971లో కామ్రా అనే తాగేవాళ్ల సంఘం పుట్టింది. మైకేల్ జాక్సన్ (పాటగాడు కాదు, బీరు రచయిత) 1977లో ప్రపంచపు బీర్లను రకాలుగా విడదీసి పుస్తకం రాశాడు. అమెరికాలో 1985లో బీరు జడ్జిల సంస్థ ఏర్పడింది. వాళ్ల యాభై మార్కుల కాగితంలో రుచికి 20, వాసనకు 12, మొత్తం మీది అభిప్రాయానికి 10, నోట్లో తగిలే తీరుకు 5, చూపుకు 3. గ్లాసులో బీరు కనిపించే తీరుకు అన్నిటికన్నా తక్కువ మార్కులిచ్చారన్నది గమనించాలి. ఒకే రకం సరుకు మీద తిరగబడ్డవాళ్లు చేసుకున్న కొలబద్దలివి. బ్రిటన్ ప్రభుత్వం 2002లో ఏడాదికి 5 లక్షల లీటర్ల లోపు తయారుచేసే బ్రూవరీలకు సుంకం సగానికి తగ్గించింది. ఆ తర్వాతి ఏళ్లలో చిన్న బ్రూవరీలు వందల్లో పుట్టుకొచ్చాయి. రుచి చూసే నాలుకలు అప్పుడే పుట్టలేదు. రుచి చూడటానికి సరుకు అప్పుడు వచ్చింది.

తెలంగాణలో మైక్రోబ్రూవరీ నిబంధనలు 2015లో వచ్చాయి. నగరంలో అవి బాగానే నిలదొక్కుకున్నాయి. నా అసంతృప్తి వేరేచోట ఉంది. అక్కడ పోసేది ఎక్కువగా జర్మన్ గోధుమ బీరుకో బెల్జియం విట్‌బీరుకో నకలు. వాసనకు చెప్పే పోలికలూ అక్కడివే. కడుపు నింపే పంట పక్కనే ఉండగా ఇదెందుకు? పటాన్‌చెరులో ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ 1972 నుంచి జొన్న మీద పనిచేస్తోంది. ఈ జిల్లా నల్లరేగడి జొన్న పండే నేల, జహీరాబాదు వైపు ఇప్పటికీ పండిస్తున్నారు. జొన్న బీరుకు పనికిరాదనే మాట నైజీరియా ఎప్పుడో అబద్ధం చేసింది: 1988లో బార్లీ మాల్టు దిగుమతి నిషేధించాక అక్కడి కంపెనీలు జొన్నతో లాగర్ తీశాయి. ఉగాండాలో 2002లో ఈగల్ లాగర్ వచ్చింది. స్థానిక జొన్నకు సుంకం రాయితీ ఇచ్చారు కాబట్టి దాని ధర బార్లీ బీరు కన్నా తక్కువ, కొన్నది పేదలు, ధాన్యం అమ్మింది చిన్న రైతులు. సంగారెడ్డి బ్రూవరీలకు బార్లీ మాల్టు మాత్రం ఉత్తరాది నుంచి లారీల్లో వస్తుంది.

దూబగుంట ఆడవాళ్ల ముందు ఈ మాటలు చెప్పగలవా అని అడిగితే, చెప్పవచ్చనే నా నమ్మకం. వాళ్లు తిరగబడింది తాగుడును ఖజానాకు ఇరుసుగా చేసుకున్న సర్కారు మీద కూడా. ఎక్కువ సీసాలు, ఎక్కువ మత్తు అమ్ముడైతేనే ఆదాయం పెరిగే పద్ధతి వాళ్లకూ శత్రువే, రుచికీ శత్రువే. కాబట్టి ఆబ్కారీ శాఖను అడగాల్సినవి రెండే. సుంకాన్ని సీసా ధర మీద కాక అందులోని ఆల్కహాలు శాతం మీద వేయాలి. మైక్రోబ్రూవరీ లైసెన్సు ఇస్నాపూర్ లాంటి కార్మికుల ఊళ్లకు వాళ్లు భరించగల ఫీజుతో ఇచ్చి, జొన్న వాడేవాళ్లకు రాయితీ ఇవ్వాలి. రెండింటికీ కొత్త పరిశోధనలు అక్కర్లేదు, ఒక్కో జీవో చాలు.