లెన్స్ డిజైన్ నేర్చుకోవాలంటే ఏ పుస్తకాలు చదవాలి? ఇంటర్ నుంచి ఇంజినీరింగ్ దాకా వరుసగా

జహీరాబాద్ మీదుగా వెళ్లే 65వ నంబర్ జాతీయ రహదారి పుణెలో మొదలై మచిలీపట్నంలో ముగుస్తుంది. ఇదే రోడ్డు మీద మన సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. చివరన మచిలీపట్నంలో భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ ఉంది. సైన్యం చీకట్లో చూడటానికి వాడే నైట్ విజన్ పరికరాలు అక్కడ తయారవుతాయి. ఒకప్పటి ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది, అదే ఈ యూనిట్. అంటే లెన్సులతో బతుకుదెరువు చూపించే చదువు మనకు అంత దూరంలో ఏమీ లేదు.

అయినా ఇంటర్ ఎంపీసీ అయిపోగానే మన ఇళ్లలో ఎక్కువగా వినిపించేవి కంప్యూటర్స్, ఫార్మసీ, లేదంటే గల్ఫ్. కెమెరా, టెలిస్కోప్, మైక్రోస్కోప్ అంటే ఇష్టపడే పిల్లలకు ఏం చదవాలో చెప్పేవాళ్లు తక్కువ. ఆన్‌లైన్‌లో వెతికితే పెద్ద పెద్ద పుస్తకాల పేర్లు వస్తాయి. కామర్స్ చదివినవాడిగా నాకు ముందు కనిపించేది ఖర్చు. విదేశీ పుస్తకం ఒక్కటి కొన్న డబ్బుతో మన దేశంలో అచ్చయ్యేవి కొన్ని కొనుక్కోవచ్చు. పైగా వరుస తప్పి కొంటే అది అల్మారాలోనే ఉండిపోతుంది. అందుకే ఏ మెట్టు మీద ఏ పుస్తకం చదవాలో, ఏది కొనాలో, ఏది కొనక్కర్లేదో ఇక్కడ వరుసగా ఇస్తున్నాం.

చష్మా దుకాణం వేరు, లెన్స్ డిజైన్ వేరు

ముందు ఈ తేడా తెలుసుకోవాలి. కళ్లద్దాల దుకాణంలో డాక్టర్ రాసిచ్చిన పవర్ చూసి, తయారైన లెన్సును ఫ్రేముకు సరిపోయేలా అరగదీసి బిగిస్తారు. లెన్స్ డిజైనర్ పని అంతకంటే చాలా ముందు మొదలవుతుంది. గాజు ఏ రకానిదై ఉండాలి, ఒక్కో ముఖం ఎంత వంపు తిరగాలి, ఎంత మందం ఉండాలి, రెండు లెన్సుల మధ్య ఎంత ఖాళీ వదలాలి అన్నది అతనే లెక్కగడతాడు.

ఉదాహరణకు 1893లో డెన్నిస్ టేలర్ అనే ఇంగ్లండ్ డిజైనర్ చేసిన కుక్ ట్రిప్లెట్‌లో ఉన్నవి మూడే లెన్సులు. అయినా ఆరు వంపులు, మూడు మందాలు, రెండు ఖాళీలు, మూడు గాజులు ఎంచుకోవాలి. ఒకటి మారిస్తే మిగతావన్నీ కదులుతాయి. కంప్యూటర్లు లేని రోజుల్లో ఒక్కో కాంతి కిరణం ఎటు వెళ్తుందో లాగరిథమ్ పట్టికలతో చేత్తో లెక్కగట్టేవారు. 1840లో పెట్జ్‌వాల్ అనే గణిత ఆచార్యుడు ఫొటో లెన్స్ డిజైన్ చేసినప్పుడు ఆ లెక్కల కోసం ఆస్ట్రియా ఫిరంగి దళంలోని సైనికులను సాయానికి ఇచ్చారు. ఇప్పుడు ఆ పని సాఫ్ట్‌వేర్ క్షణాల్లో చేస్తుంది. కానీ ఏది మార్చాలో చెప్పాల్సింది మనిషే. ఆ తెలివి పుస్తకాలతో, సాధనతోనే వస్తుంది.

మొదటి మెట్టు: ఇంటర్ పుస్తకం

తెలుగు మీడియం పిల్లలు ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్‌లోని కిరణ దృశాశాస్త్రం అధ్యాయాన్ని మార్కుల కోసం కాకుండా ఇంకోసారి చదవాలి. ఉర్దూ మీడియం పిల్లలకు ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి ఫిజిక్స్ ఉర్దూలో కూడా ఉంది. ఆ సంస్థ వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దింపుకోవచ్చు. ఇంగ్లిష్ పుస్తకం పక్కన పెట్టుకుని రెండూ కలిపి చదివితే తర్వాతి పుస్తకాలకు కావలసిన ఇంగ్లిష్ పదాలు అలవాటవుతాయి. ఎందుకంటే ఈ మెట్టు దాటాక చదవాల్సినవన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి.

ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సినవి మూడు: వక్రీభవన సూత్రం, కటక తయారీ సూత్రం, గుర్తుల సంప్రదాయం. దూరాన్ని ఎప్పుడు ప్లస్ అనాలి, ఎప్పుడు మైనస్ అనాలి అన్న దగ్గర తడబడితే ముందుకెళ్లే కొద్దీ ప్రతి లెక్కా తప్పుతుంది.

రెండో మెట్టు: డిగ్రీ స్థాయి

అజోయ్ ఘటక్ రాసిన 'ఆప్టిక్స్' ముందు చదవాలి. ఆయన ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1977లో మొదటిసారి వచ్చిన ఈ పుస్తకం మన దేశంలోనే అచ్చవుతుంది కాబట్టి అందుబాటు ధరలో దొరుకుతుంది. కొనేముందు డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ఉందేమో చూసుకోండి. మొత్తం చదవాల్సిన పని లేదు. కిరణాలు, మాత్రిక పద్ధతి, విపథనాల అధ్యాయాలు ముందు పూర్తి చేయండి.

యూజీన్ హెక్ట్ 'ఆప్టిక్స్' దీనికి తోడు. బొమ్మలు ఎక్కువ, వివరణ నిదానంగా సాగుతుంది. ఘటక్‌లో అర్థం కానిది ఇందులో చూసుకోవచ్చు. జెంకిన్స్, వైట్ కలిసి రాసిన 'ఫండమెంటల్స్ ఆఫ్ ఆప్టిక్స్' పాతది, కానీ లెన్సుల భాగం చాలా స్పష్టంగా ఉంటుంది. మూడూ కొనొద్దు. ఘటక్ ఒకటి చేతిలో ఉంటే మిగతా రెండూ లైబ్రరీలో చూస్తే సరిపోతుంది.

ముందుకెళ్లొచ్చా? ఈ లెక్క చేసి చూడండి

ఒకే గాజుతో చేసిన లెన్సు ఎరుపు రంగును ఒకచోట, నీలం రంగును ఇంకోచోట కేంద్రీకరిస్తుంది. దీన్నే వర్ణ విపథనం అంటారు. రెండు రకాల గాజు కలిపి దీన్ని సరిచేస్తారు. ఒక్కో గాజుకు అబ్బే సంఖ్య అని ఒకటి ఉంటుంది. అది ఎక్కువుంటే గాజు రంగులను తక్కువగా విడదీస్తుందని అర్థం.

క్రౌన్ గాజు అబ్బే సంఖ్య 64.2, ఫ్లింట్ గాజుది 36.4 అనుకోండి. రెండూ అతికించి 100 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న లెన్సు చేయాలి. తేడా 27.8. దీన్ని 64.2తో భాగించి 100తో గుణిస్తే క్రౌన్ లెన్సు నాభ్యంతరం 43.3 మిల్లీమీటర్లు. 36.4తో భాగించి గుణిస్తే ఫ్లింట్ లెన్సుది 76.4, ఇది పుటాకారం కాబట్టి మైనస్. 43.3 విలోమం నుంచి 76.4 విలోమం తీసేస్తే 100 విలోమం వస్తుందో లేదో చూసుకోండి. ఈ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో ఘటక్ పుస్తకం సాయంతో మీరే రాబట్టగలిగితే మూడో మెట్టుకు సిద్ధమైనట్టే. లేదంటే ఇంకో నెల ఇక్కడే ఉండండి, డబ్బు మిగులుతుంది.

ఇది పుస్తకాల్లోనే ఉండే లెక్క కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీలో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోప్ ఉండేది. అది అద్దంతో కాదు, లెన్సుతో పనిచేసేది. అలాంటి టెలిస్కోపుల ముందు లెన్సు క్రౌన్, ఫ్లింట్ గాజులను జత చేసే ఇదే సూత్రం మీద నిలబడుతుంది. 1919లో ఆ అబ్జర్వేటరీ ఉస్మానియా యూనివర్సిటీకి వెళ్లింది.

మూడో మెట్టు: ఆప్టికల్ ఇంజినీరింగ్

వారెన్ స్మిత్ 'మోడరన్ ఆప్టికల్ ఇంజినీరింగ్'. ఈ రంగంలో ఒక్క పుస్తకమే కొనగలం అంటే ఇదే కొనాలి. 1966లో వచ్చింది, నాలుగు ఎడిషన్ల దాకా నడిచింది. రచయిత ఉద్యోగంలో పనిచేసిన మనిషి. అందుకే సూత్రంతో ఆగకుండా గాజు ఎంపిక, తయారీలో ఎంత తేడాను సహించవచ్చు, బైనాక్యులర్ ఎలా పనిచేస్తుంది లాంటివి కూడా చెబుతాడు.

ఫిషర్, టాడిచ్ గేలెబ్, యోడర్ రాసిన 'ఆప్టికల్ సిస్టమ్ డిజైన్' చదవడానికి ఇంకా తేలిక. లెక్కల కంటే పని జరిగే తీరు ఎక్కువ చూపిస్తుంది. స్మిత్ బరువుగా అనిపిస్తే ముందు ఇది చదవండి. గ్రీవెన్‌క్యాంప్ 'ఫీల్డ్ గైడ్ టు జామెట్రికల్ ఆప్టిక్స్' చిన్న పుస్తకం. సూత్రాలన్నీ ఒక్కచోట ఉంటాయి. నేర్చుకోవడానికి కాదు, నేర్చుకున్నది గుర్తుచేసుకోవడానికి పనికొస్తుంది.

నాలుగో మెట్టు: అసలు డిజైన్

రుడాల్ఫ్ కింగ్స్‌లేక్ 'లెన్స్ డిజైన్ ఫండమెంటల్స్'. కింగ్స్‌లేక్ అమెరికాలో కొడాక్ కంపెనీ లెన్స్ డిజైన్ విభాగాన్ని నడిపాడు, రోచెస్టర్‌లో పాఠాలు చెప్పాడు. 1978 నాటి ఈ పుస్తకాన్ని బ్యారీ జాన్సన్ 2010లో సవరించి పెంచాడు. కొత్త ఎడిషన్ తీసుకోవడం మేలు. ఒక్కో లెన్సును అంకెలతో సహా మెట్టుమెట్టుగా కట్టి చూపిస్తుంది. చదివితే రాదు, కాగితం పెట్టుకుని ఆ అంకెలు మళ్లీ రాబట్టాలి.

హోసే సాసియన్ 'ఇంట్రడక్షన్ టు లెన్స్ డిజైన్' 2019లో వచ్చింది. అరిజోనా యూనివర్సిటీలో పాఠం చెప్పే ప్రొఫెసర్ రాశాడు. ఇప్పటి పద్ధతికి దగ్గరగా ఉంటుంది. జోసెఫ్ గియరీ పుస్తకం జీమ్యాక్స్ సాఫ్ట్‌వేర్ ఉదాహరణలతో సాగుతుంది, కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ కాలేజీలో అందుబాటులో ఉన్నవాళ్లకే పూర్తి ఉపయోగం.

మిల్టన్ లైకిన్ 'లెన్స్ డిజైన్', స్మిత్ 'మోడరన్ లెన్స్ డిజైన్' వేరే రకం. ఇవి తయారైన డిజైన్ల సంపుటాలు. డిజైనర్ సాధారణంగా ఖాళీ కాగితంతో మొదలుపెట్టడు. దగ్గరగా ఉన్న పాత డిజైన్ ఒకటి తీసుకుని మారుస్తూ పోతాడు. ఆ మొదటి నమూనా కోసం ఈ పుస్తకాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు వీటితో మొదలుపెడితే అంకెల పట్టికలు తప్ప ఏమీ అర్థం కాదు.

ఇప్పుడే కొనొద్దు

బార్న్, వోల్ఫ్ రాసిన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఆప్టిక్స్' పేరు అందరూ చెబుతారు. గొప్ప పుస్తకమే, కానీ అది కాంతి సిద్ధాంతం. ఎమ్మెస్సీ దాటాక చూసుకోవచ్చు. కాన్రడీ 'అప్లైడ్ ఆప్టిక్స్ అండ్ ఆప్టికల్ డిజైన్' మొదటి భాగం 1929 నాటిది. కింగ్స్‌లేక్‌కు గురువు ఈయనే. ఇందులో గుర్తుల సంప్రదాయం ఇప్పటి పుస్తకాలతో కలవదు, కొత్తవాళ్లు అయోమయంలో పడతారు. వెల్‌ఫర్డ్ విపథనాల పుస్తకం, వీరేంద్ర మహాజన్ పుస్తకాలు పరిశోధన చేసేవాళ్లకు.

'కితాబుల్ మనాజిర్' పేరు మన ఇళ్లలో చాలామంది విని ఉంటారు. 11వ శతాబ్దం మొదట్లో కైరోలో ఇబ్న్ అల్ హైథమ్ రాసిన ఏడు భాగాల గ్రంథం. కంటి నుంచి కిరణాలు బయటికి వెళ్లవు, వస్తువు నుంచే కాంతి కంటికి వస్తుందని పరీక్షలతో నిలబెట్టాడు. 1572లో లాటిన్‌లో అచ్చయి యూరప్ అంతా చదివింది. లెన్సు ఆకారం గురించి ఆలోచించినవాడు మాత్రం అంతకంటే ముందువాడు, బాగ్దాద్‌కు చెందిన ఇబ్న్ సహల్. కాంతిని ఒక్క బిందువు దగ్గరికి తేవాలంటే గాజు ఏ వంపులో ఉండాలో 984 ప్రాంతంలో లెక్కగట్టాడు. పిల్లలకు ఈ చరిత్ర తప్పకుండా చెప్పాలి. కానీ డిజైన్ నేర్చుకోవడానికి పైన చెప్పిన పుస్తకాలే దారి.

పైసా ఖర్చు లేకుండా

అమెరికా రక్షణ శాఖ 1962లో తెచ్చిన 'ఆప్టికల్ డిజైన్' హ్యాండ్‌బుక్ నంబర్ 141 ఆన్‌లైన్‌లో ఉచితం. పాతదైనా కిరణాల లెక్కలు ఇందులో చాలా శుభ్రంగా ఉంటాయి. ఎన్‌పీటెల్‌లో ఆప్టిక్స్ పాఠాలు, ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్‌లో 'ఆప్టిక్స్' కోర్సు ఉచితంగా చూడొచ్చు. సాఫ్ట్‌వేర్‌కు కూడా లక్షలు పెట్టక్కర్లేదు. ఆస్లో విద్యార్థి వెర్షన్‌లో కొద్ది ముఖాల లెన్సులే చేయగలం, నేర్చుకోవడానికి అది చాలు. పైథాన్ వచ్చినవాళ్లకు రే-ఆప్టిక్స్, ఆప్టిలాండ్ ఉన్నాయి. పైన చేసిన లెక్కను ఇందులో పెట్టి చూస్తే రంగులు ఎంత దగ్గరికి వచ్చాయో కళ్లారా కనిపిస్తుంది.

చష్మా రంగంలో ఉన్న కుటుంబాలకు

ఇంట్లో ఆప్టికల్ దుకాణం ఉండి, అదే పనిని లోతుగా నేర్చుకోవాలంటే దారి వేరు. మో జలీ రాసిన 'ది ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఆఫ్తాల్మిక్ లెన్సెస్' ఆ రంగానికి మూల పుస్తకం. ప్రిజం, బైఫోకల్, ప్రోగ్రెసివ్ లెన్సుల లెక్కలు అందులో ఉంటాయి. చదువు పరంగా బీఎస్సీ ఆప్టోమెట్రీ వైపు వెళ్లాలి.

ఏ కోర్సులు?

పుస్తకాలు ఎంత చదివినా ఉద్యోగానికి డిగ్రీ అడుగుతారు. ఐఐటీ ఢిల్లీలో అప్లైడ్ ఆప్టిక్స్ ఎంటెక్, తిరువనంతపురం ఐఐఎస్‌టీలో ఆప్టికల్ ఇంజినీరింగ్ ఎంటెక్ ఉన్నాయి. కలకత్తా యూనివర్సిటీలో ఈ చదువుకే ప్రత్యేక విభాగం ఉంది. కొచ్చిన్ యూనివర్సిటీలో ఫోటోనిక్స్ స్కూల్ ఉంది. ఇంజినీరింగ్ సీటు రాలేదని వదులుకోనక్కర్లేదు. బీఎస్సీ, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి గేట్ రాసి కూడా ఎంటెక్‌లోకి వెళ్లే దారి ఉంది. ఆ ఏటి నోటిఫికేషన్‌లో అర్హతలు చూసుకుని దరఖాస్తు చేయండి.

ఒక్క చూపులో

- ఇంటర్ పిల్లలు: పాఠ్యపుస్తకం, ఎన్‌సీఈఆర్‌టీ. కొనాల్సింది ఏమీ లేదు.
- డిగ్రీ పిల్లలు: ఘటక్ కొనాలి. హెక్ట్ లైబ్రరీలో చూడాలి.
- లెక్క వచ్చాక: స్మిత్ 'మోడరన్ ఆప్టికల్ ఇంజినీరింగ్', ఉచిత సాఫ్ట్‌వేర్.
- ఎంటెక్ లేదా ఉద్యోగం ఖాయమయ్యాక: కింగ్స్‌లేక్ లేదా సాసియన్, ఏదో ఒకటి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. బాబు గానీ, పాప గానీ పుస్తకం అడిగితే ముందు పై లెక్క చేయించండి. చేసి చూపిస్తే వెనకాడకుండా కొనివ్వండి.